పాత విండోస్‌కు ఏ బోర్డు కొనాలి?

పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్న రోజుల్లో శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక డీటీపీ సెంటర్లో సిస్టమ్ ఆన్ కాకుండా పోయిందనుకుందాం. మెకానిక్ వచ్చి ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడతాడు. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మార్చి చూస్తాడు. చివరికి "బోర్డు పోయిందండి" అంటాడు. అలాంటి మదర్‌బోర్డు (అన్ని భాగాలనూ కలిపే ప్రధాన పలక) ఊళ్లో దొరకదు కాబట్టి విశాఖ డాబాగార్డెన్స్ నుంచి ఇంటెల్ ఎనిమిదో తరం బోర్డు, దానికి తగ్గ ప్రాసెసర్, ర్యామ్ తెప్పిస్తారు. పని అంతా విండోస్ 7 మీద నడిచే సాఫ్ట్‌వేర్‌తోనే కాబట్టి ఆ విండోస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడతారు. భాష ఎంచుకోమనే మొదటి తెర వస్తుంది. అక్కడ మౌస్ కదలదు. కీబోర్డు మీద లైటు కూడా వెలగదు. వేరే కీబోర్డు తెచ్చి పెట్టినా అంతే.

అక్కడ ఏ వస్తువూ చెడిపోలేదు. విండోస్ 7 విడుదలైంది 2009లో. యూఎస్‌బీ 3ని నడిపే డ్రైవర్, అంటే ఆ భాగంతో విండోస్ మాట్లాడటానికి కావలసిన చిన్న ప్రోగ్రామ్, అందులో లేదు. ఇంటెల్ 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో పాటు తెచ్చిన 100 సిరీస్ చిప్‌సెట్ల (బోర్డు మీది పోర్టులను నడిపే ప్రధాన చిప్‌లు) నుంచి పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్‌ను పూర్తిగా తీసేసింది. బోర్డు వెనక నల్లటి యూఎస్‌బీ 2 పోర్టు కనిపించినా లోపల అది కొత్త కంట్రోలర్‌కే కలిసి ఉంటుంది. ఆన్ చేయగానే నడిచే బయాస్ అనే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లో ఉన్నంతసేపూ కీబోర్డు చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే అప్పుడు దాన్ని నడిపేది బయాస్. విండోస్ సెటప్ చేతికి పని వచ్చిన క్షణం నుంచి ఆ కంట్రోలర్‌తో ఎలా మాట్లాడాలో దానికి తెలియదు. గుండ్రటి ప్లగ్ ఉండే పాత పీఎస్2 కీబోర్డు పెట్టి ఇంకొంచెం ముందుకు వెళితే, సీడీ డ్రైవ్ డ్రైవర్ లేదనే మెసేజ్ వస్తుంది. అసలు సిస్టమ్‌లో సీడీ డ్రైవే లేకపోయినా అదే మెసేజ్. నిజానికి సెటప్‌కు కనబడనిది పెన్‌డ్రైవ్. ఆ మెసేజ్ చూసి పెన్‌డ్రైవ్ పాడైందనుకుని, విండోస్ కాపీ పాడైందనుకుని రెండు మూడు రోజులు పోగొట్టుకున్న షాపులు తక్కువేమీ కాదు.

మామూలుగా కంప్యూటర్ అసెంబుల్ చేయించేటప్పుడు బోర్డు, ప్రాసెసర్ ముందు నిర్ణయించుకుంటాం, విండోస్ లాంటి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) తర్వాత దానంతటదే వచ్చి కూర్చుంటుంది. కంపెనీ వదిలేసిన ఓఎస్‌తో ఈ వరస పనికిరాదు. మార్చడానికి వీల్లేనిది ఏదో ముందు తేల్చుకోవాలి. అది ఒక సాఫ్ట్‌వేర్ కావచ్చు, ఒక మిషను కావచ్చు, ఒక డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి పోర్టుకు పెట్టే తాళంచెవి లాంటి పరికరం) కావచ్చు. దానికి ఏ ఓఎస్ కావాలో చూడాలి. ఆ ఓఎస్‌కు డ్రైవర్లు రాసిన ఆఖరి తరం బోర్డు ఏదో కనుక్కోవాలి. కొనవలసింది ఆ ఆఖరి తరాన్ని, లేదా దానికి ఒక మెట్టు కింద ఉన్నదాన్ని. అంతకన్నా కొత్తది కొంటే డ్రైవర్లు ఉండవు, బాగా పాతది కొంటే బోర్డు బతకదు.

"సపోర్ట్ అయిపోయింది" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి మైక్రోసాఫ్ట్ వైపు నుంచి: విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మామూలు సపోర్ట్ ముగిసింది. రెండోది బోర్డు, ప్రాసెసర్ తయారుచేసేవాళ్ల వైపు నుంచి: వాళ్లు ఆ ఓఎస్‌కు డ్రైవర్లు రాయడం మానేయడం. ఈ రెండు తేదీలు ఒకటి కావు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఇస్తున్న రోజుల్లోనే, 2013లో వచ్చిన నాలుగో తరం బోర్డులకు ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఎక్స్‌పీకి ఇవ్వలేదు. బోర్డు కొనేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో తేదీయే. మొదటి తేదీ ఇంటర్నెట్ సంగతికి సంబంధించినది, అది వేరే చర్చ.

అసలు పాత ఓఎస్ తప్పనిసరా అన్నది ముందు నిజాయితీగా చూసుకోవాలి. డీటీపీ షాపుల్లో ఎక్కువగా వినిపించే కారణం అను తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అను ఫాంట్లు యూనికోడ్ (ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల పద్ధతి) కావు. వాటితో టైప్ చేసిన ఫైలును ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే తెలుగు బదులు అర్థంకాని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల శుభలేఖలు, కరపత్రాలు, దేవస్థానం పోస్టర్లు, పెద్దకర్మ కార్డులు అన్నీ ఆ రూపంలోనే ఉన్న షాపుకు "యూనికోడ్‌కి మారిపోండి" అని చెప్పడం తేలిక, మారడం తేలిక కాదు. పాత కార్డు తెరిచి పేర్లు మార్చి గంటలో ఇచ్చేయడమే ఆ వ్యాపారం.

కానీ పని అంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటే, అంటే బయట మిషనుకు వైరు అవసరం లేకపోతే, పాత బోర్డు కోసం వెతకక్కర్లేదు. ఇప్పటి బోర్డు కొని, దాని మీద విండోస్ 11 గానీ లినక్స్ గానీ వేసుకుని, లోపల వర్చువల్‌బాక్స్ లాంటి ప్రోగ్రామ్ సృష్టించే ఊహా కంప్యూటర్‌లో, అంటే వర్చువల్ మెషీన్‌లో, విండోస్ 7 నడపవచ్చు. లోపలి విండోస్‌కు కనిపించేది అసలు బోర్డు కాదు, అది గుర్తుపట్టే ఒక ఊహా బోర్డు. కాబట్టి డ్రైవర్ల గొడవే రాదు. ఎనిమిది కాదు, పదహారు జీబీ ర్యామ్, ఒక మంచి ఎస్ఎస్‌డీ ఉంటే పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌కు వేగం చాలు. మొత్తం పాత సిస్టమ్ ఒకే ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుంటే బ్యాకప్ అయిపోయినట్టే. డీటీపీ వరకు ఇదే మంచి దారి. దీన్ని ప్రయత్నించకుండా సెకండ్‌హ్యాండ్ బోర్డు కోసం విశాఖ వరకు తిరగడం అనవసరం.

మిషను ఉంటే లెక్క మారిపోతుంది. బొబ్బిలి వీణను నేటికీ పనస దుంగ నుంచి చేత్తోనే తొలుస్తారు. కానీ తలుపుల మీద, దేవుడి మందిరాల మీద చెక్కుడు పనికి సీఎన్‌సీ రౌటర్లు (కంప్యూటర్‌తో నడిచే చెక్కే మిషన్లు) వచ్చేశాయి. వాటిలో కొన్ని మాక్3 అనే సాఫ్ట్‌వేర్‌తో, పాత ప్రింటర్ పోర్టు ద్వారా నడుస్తాయి. ఎల్‌పీటీ అని పిలిచే ఆ 25 రంధ్రాల పోర్టు నుంచి మోటారుకు సెకనుకు వేలకొద్దీ పల్స్‌లు తప్పకుండా, సమాన వ్యవధిలో వెళ్లాలి. మాక్3లో ఆ పోర్టును నడిపే డ్రైవర్ 32 బిట్ విండోస్‌లోనే పనిచేస్తుంది. అంటే ఎక్స్‌పీ, లేదా విండోస్ 7లో 32 బిట్. వర్చువల్ మెషీన్ ఇక్కడ పనికిరాదు, మధ్యలో ఇంకో ఓఎస్ ఉంటే పల్స్‌ల వ్యవధి కుదరదు. యూఎస్‌బీ నుంచి ఎల్‌పీటీకి మార్చే కేబుల్ కూడా పనికిరాదు. ఆ కేబుల్ ప్రింటర్‌లా మాత్రమే నటిస్తుంది, పోర్టులోని ఒక్కొక్క పిన్నును విడిగా ఆడించలేదు. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎల్‌పీటీ డాంగిల్ ఉన్నా ఇదే కథ. ఆ కేబుల్ కొని చివర డాంగిల్ పెడితే అది దొరకలేదనే మెసేజే వస్తుంది.

కాబట్టి ఎల్‌పీటీ కావలసినవాళ్లకు బోర్డు మీదే ఆ పోర్టు ఉండాలి. వెనక పోర్టు కనిపించకపోయినా చాలా హెచ్61, బీ75 బోర్డుల మీద అంచున ఎల్‌పీటీ అని రాసిన పిన్నుల వరస ఉంటుంది. దానికి బ్రాకెట్ కేబుల్ తగిలిస్తే క్యాబినెట్ వెనక పోర్టు వస్తుంది. బోర్డు మీద ఉన్న పోర్టుకు 378 అనే పాత అడ్రసు ఉంటుంది, పాత సాఫ్ట్‌వేర్లు వెతికేది దాన్నే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు కొని ఎల్‌పీటీ పెట్టుకుంటే దానికి వేరే అడ్రసు వస్తుంది. మాక్3లో ఆ అడ్రసు మార్చుకోవచ్చు. డాస్ కాలం నాటి ప్రోగ్రామ్‌లో, కొన్ని డాంగిల్ డ్రైవర్లలో మార్చుకునే వీలుండదు. సీఎన్‌సీకి వాడే బోర్డులో మరో రెండు పనులు చేయాలి: బయాస్‌లో ఎల్‌పీటీ పోర్టుకు ఉండే ఈపీపీ, ఈసీపీ మోడ్‌లు మార్చి మిషనుకు ఏది కుదురుతుందో చూడటం, ప్రాసెసర్ కరెంటు ఆదా చేసే సెట్టింగులు ఆపేయడం. ప్రాసెసర్ మధ్యమధ్యలో కునుకు తీస్తే పల్స్ ఆలస్యమవుతుంది. అలా జరిగితే చెక్క మీద గీత పక్కకు పోతుంది, ఆ పలక ఇక పనికిరాదు.

కామ్ పోర్టు, అంటే పాత సీరియల్ పోర్టు, ఇంత ఇబ్బంది పెట్టదు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉండే వేబ్రిడ్జిలు, జీడిపప్పు తూచే ఎలక్ట్రానిక్ కాటాలు బరువు అంకెను కామ్ పోర్టు ద్వారా కంప్యూటర్‌కు పంపుతాయి. అది నెమ్మదిగా వెళ్లే సమాచారం. మంచి చిప్ ఉన్న యూఎస్‌బీ కన్వర్టర్‌తో చాలావరకు నడుస్తుంది. చౌక కన్వర్టర్లలో నకిలీ చిప్‌లు ఉంటాయి, వాటికి అసలు కంపెనీ డ్రైవర్ పనిచేయదు. అందుకే ఇక్కడ కూడా బోర్డు మీదే కామ్ ఉంటే మేలు. ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. బోర్డు మీది కామ్ పిన్నులకు బ్రాకెట్ కేబుళ్లు రెండు రకాల వైరింగ్‌తో వస్తాయి. ప్లగ్ రెండిటికీ సరిపోతుంది, కానీ తప్పు రకం పెడితే అంకె రాదు. అలాంటప్పుడు బోర్డును తప్పుపట్టే ముందు కేబుల్ మార్చి చూడాలి.

ఇక తరాల విషయం. ఎక్స్‌పీ తప్పదంటే ఇంటెల్‌లో ఆఖరి మెట్టు 7 సిరీస్ చిప్‌సెట్. అంటే 2012లో వచ్చిన బీ75, హెచ్77 బోర్డులు, వాటి మీద ఐ3 3220, ఐ5 3470 లాంటి మూడో తరం ప్రాసెసర్లు. వీటికి చిప్‌సెట్ డ్రైవర్, లోపలి గ్రాఫిక్స్ డ్రైవర్ ఇంటెల్ స్వయంగా ఎక్స్‌పీకి ఇచ్చింది. యూఎస్‌బీ 3 డ్రైవర్ మాత్రం ఇవ్వలేదు. అయితే ఈ బోర్డుల్లో పాత యూఎస్‌బీ 2 కంట్రోలర్ ఇంకా ఉంది కాబట్టి, బయాస్‌లో కొత్త కంట్రోలర్‌ను ఆపేస్తే నీలిరంగు పోర్టులు కూడా యూఎస్‌బీ 2గా పనిచేస్తాయి. ఇదే సాకెట్‌లో హెచ్61 కూడా ఉంది, అది ఎక్కువగా దొరుకుతుంది, చౌక. రెండిటిలో ఒకటి ఎంచుకునే అవకాశం ఉంటే బీ75 తీసుకోవడమే సరైనది. హెచ్61 చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3 లేదు, వేగమైన సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పద్ధతి) లేదు, ర్యామ్ స్లాట్లు రెండే. అన్నిటికన్నా ముఖ్యం, అదనపు కార్డులు పెట్టే పాత తెల్ల పీసీఐ స్లాట్‌ను బీ75 చిప్‌సెట్ నేరుగా నడుపుతుంది. హెచ్61లో, తర్వాత వచ్చిన చాలా బోర్డుల్లో ఆ స్లాట్ ఉన్నా అది ఒక విడి బ్రిడ్జ్ చిప్ మీద ఆధారపడి ఉంటుంది. స్టూడియోల్లో మిగిలిన పాత వీడియో క్యాప్చర్ కార్డులు, కొన్ని మిషన్ల కంట్రోల్ కార్డులు ఆ బ్రిడ్జ్ చిప్‌తో సరిగ్గా కలవకపోవచ్చు. కార్డు కోసమే కంప్యూటర్ కడుతున్నప్పుడు ఇలాంటి అనుమానానికి తావివ్వకూడదు.

ఎక్స్‌పీకి ఇంకో పరిమితి ఉంది. సాటా డిస్క్‌ను ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో నడిపే డ్రైవర్ దాని సీడీలో లేదు. బయాస్‌లో సాటా మోడ్‌ను ఐడీఈ అనే పాత పద్ధతికి మార్చకపోతే సెటప్ మధ్యలో 7బీతో ముగిసే నంబరుతో నీలి తెర వస్తుంది. 7 సిరీస్ బోర్డుల్లో ఐడీఈ మోడ్ ఉంది. ఆరో తరం నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. 32 బిట్ ఎక్స్‌పీ 4 జీబీకి మించి ర్యామ్ వాడుకోలేదు, అందులో కూడా కొంత భాగం హార్డ్‌వేర్‌కే పోతుంది. రెండు టెరాబైట్ల కంటే పెద్ద డిస్క్‌లకు కావలసిన జీపీటీ పద్ధతి దానికి తెలియదు. కాబట్టి ఎక్స్‌పీ సిస్టమ్‌కు 4 జీబీ ర్యామ్, 120 లేదా 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీ చాలు. దానికి మించి పెట్టే డబ్బు ఒక స్పేర్ బోర్డు మీద పెట్టడం నయం.

విండోస్ 7కు పరిస్థితి కొంచెం విశాలంగా ఉంది. ఏ తిప్పలూ లేకుండా పనిచేసేది 8, 9 సిరీస్, అంటే హెచ్81, బీ85, హెచ్97 బోర్డులు, నాలుగో తరం ప్రాసెసర్లు. యూఎస్‌బీ 2 కంట్రోలర్ ఉంది, అన్ని డ్రైవర్లూ ఉన్నాయి, డిస్క్ నుంచి నేరుగా ఇన్‌స్టాల్ అవుతుంది. బీ85 మీద ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, సాటా ఎస్ఎస్‌డీ పెడితే పేజ్‌మేకర్, కోరల్, ఫొటోషాప్ పాత వెర్షన్లు ఇప్పటికీ హాయిగా నడుస్తాయి. దానికి పై మెట్టు హెచ్110, బీ150 బోర్డులు ఆరో తరం ప్రాసెసర్‌తో. వీటికి గ్రాఫిక్స్ డ్రైవర్ ఉంది, కానీ మొదట్లో చెప్పిన యూఎస్‌బీ తిప్పలు ఇక్కడ మొదలవుతాయి. దీనికి బోర్డు కంపెనీలే చిన్న టూల్స్ ఇచ్చాయి. విండోస్ సెటప్‌లోకి యూఎస్‌బీ 3 డ్రైవర్‌ను చొప్పించి కొత్త పెన్‌డ్రైవ్ తయారుచేయడం వాటి పని. అంతకన్నా సులువైన దారి కూడా ఉంది. పీఎస్2 పోర్టు ఉన్న బోర్డు తీసుకుని, పీఎస్2 కీబోర్డు, సాటా డీవీడీ డ్రైవ్ పెట్టి డీవీడీ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే యూఎస్‌బీ ప్రసక్తే రాదు, డ్రైవర్ తర్వాత వేసుకోవచ్చు. ఆరో తరం బోర్డు కొనేవాళ్లు వెనక ఊదా, ఆకుపచ్చ రంగుల గుండ్రటి పోర్టు ఉందో లేదో చూసి కొనడం ఈ ఒక్క కారణానికే మంచిది.

ఏడో తరం దగ్గర గీత పడింది. కొత్త ప్రాసెసర్లకు కొత్త విండోస్ మాత్రమే అని మైక్రోసాఫ్ట్ 2016 జనవరిలో ప్రకటించింది. 2017 నుంచి ఏడో తరం ఇంటెల్, ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ల మీద నడిచే విండోస్ 7కు అప్‌డేట్లు ఆపేసింది. ఏడో తరం లోపలి గ్రాఫిక్స్‌కు ఇంటెల్ విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు. విడి గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే నడుస్తుంది, కానీ అది కుదుర్చుకున్న పని, కుదిరిన పని కాదు. ఇంకా పైకి వెళ్లి 2021 తర్వాతి బోర్డులు తీసుకుంటే వాటిలో లోపలి గ్రాఫిక్స్‌తో పాత పద్ధతి బూట్ సౌకర్యమే ఉండదు. విండోస్ 7 తెర మీద బొమ్మ చూపించడానికి పాత వీజీఏ బయాస్ కావాలి. అది లేక ఆ నాలుగు రంగుల జెండా దగ్గరే ఆగిపోతుంది, భాష అడిగే తెర దాకా కూడా రాదు.

ఏఎండీ వైపు కథ చిన్నది. ఎఫ్ఎం2 ప్లస్ బోర్డులు విండోస్ 7కు బాగానే ఉంటాయి. మొదటి రైజెన్‌లతో వచ్చిన బీ350 లాంటి బోర్డులకు ఏఎండీ విండోస్ 7 చిప్‌సెట్ డ్రైవర్ ఇచ్చింది, విడి గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి. రైజెన్ 3 2200జీ లాంటి లోపలి గ్రాఫిక్స్ ఉన్నవాటికి విండోస్ 7 గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు.

డ్రైవర్లు ఉన్నాయని తెలిసినా అవి ఎక్కకపోవడం ఇంకో చిక్కు. 2019 తర్వాత వచ్చిన డ్రైవర్ల మీద ఉండే డిజిటల్ సంతకం ఎస్‌హెచ్ఏ 2 పద్ధతిది. పాత డీవీడీ నుంచి వేసిన విండోస్ 7కు ఆ సంతకం చదవడం రాదు. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 52 కనిపిస్తాయి. 2019లో వచ్చిన 4474419, 4490628 నంబర్ల అప్‌డేట్లు రెండూ వేస్తే అది తీరిపోతుంది. సాటా కన్నా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ విషయంలో కూడా ఇలాంటి అప్‌డేట్ ఒకటి ఉంది కానీ, పాత ఓఎస్ సిస్టమ్‌కు దాని జోలికి వెళ్లకుండా సాటా ఎస్ఎస్‌డీ పెట్టుకోవడమే మేలు. శుభలేఖ తెరుచుకోవడంలో ఆ రెండిటి మధ్య తేడా కంటికి తెలియదు.

ఇంతవరకు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునే వీలుందనుకుని చెప్పిన మాటలు. చాలా షాపుల్లో అసలు కష్టం వేరు. సాఫ్ట్‌వేర్ సీడీ ఎప్పుడో పోయింది. అమ్మినవాళ్లు ఇప్పుడు ఆ వ్యాపారంలో లేరు. ఆ సాఫ్ట్‌వేర్ బతికున్నది పాత హార్డ్ డిస్క్ మీద ఒక్కచోటే. అప్పుడు కొత్త తరం, పాత తరం అన్న ప్రశ్నే రాదు. పోయిన బోర్డు ఏ చిప్‌సెట్‌దో అదే చిప్‌సెట్ బోర్డు వెతకాలి, అదే మోడల్ దొరికితే మరీ మంచిది. ఎక్స్‌పీ తనను ఇన్‌స్టాల్ చేసిన బోర్డుతో గట్టిగా ముడిపడి ఉంటుంది. వేరే రకం బోర్డుకు ఆ డిస్క్ తగిలిస్తే ఎక్కువసార్లు నీలి తెరే వస్తుంది. విండోస్ 7 కాస్త సర్దుకుంటుంది. జీ31, జీ41 బోర్డులను మామూలుగా ఎవరికీ సిఫారసు చేయలేం, వాటి వయసు పదిహేనేళ్లు దాటింది. కానీ పోయింది జీ41 అయితే, డిస్క్‌లోని సాఫ్ట్‌వేర్ మళ్లీ దొరకదంటే, వెతకాల్సింది జీ41నే. బోర్డు దొరికిందన్న సంతోషంలో పాత డిస్క్‌ను నేరుగా దానికి తగిలించడం మాత్రం చేయకూడని పని. ముందు వేరే సిస్టమ్‌లో ఆ డిస్క్‌ను మొత్తంగా ఇంకో డిస్క్‌లోకి క్లోన్ చేసుకుని, ఆ కాపీతో ప్రయత్నించాలి. అసలు డిస్క్ బీరువాలో ఉండాలి.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కొనేటప్పుడు కళ్లతో చూడవలసింది మొదట కెపాసిటర్లు. పైభాగం ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా వదిలేయాలి. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో పోర్టుల లోహం మీద, స్క్రూ రంధ్రాల చుట్టూ పచ్చటి, తెల్లటి పొడి పేరుకుంటుంది. అది కనిపిస్తే ఆ బోర్డు ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకపోవడం మంచిది. ఆఫీసుల నుంచి వచ్చిన బ్రాండెడ్ సిస్టమ్‌ల బోర్డులు గట్టివే. కానీ చాలావాటికి ఎస్ఎంపీఎస్ ప్లగ్ మామూలు 24 పిన్నులది కాదు, స్క్రూ రంధ్రాలు లోకల్ క్యాబినెట్‌కు కుదరవు. వాటిని విడి బోర్డుగా కాకుండా మొత్తం సిస్టమ్‌గా కొంటేనే ప్రయోజనం. హెచ్61 పాత బోర్డు మీద మూడో తరం ప్రాసెసర్ పెడితే తెర మీద ఏమీ రాకపోవచ్చు. బయాస్ 2012కు ముందుది అయితే దానికి మూడో తరం తెలియదు. రెండో తరం ప్రాసెసర్ ఒకటి పెట్టి బయాస్ అప్‌డేట్ చేసి, తర్వాత మూడో తరం పెట్టాలి. ర్యామ్ దగ్గర కూడా జాగ్రత్త అవసరం: ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు చౌకగా దొరుకుతాయి, ఇంటెల్ బోర్డులో పెడితే అవి పనిచేయవు. కొనే ముందు ఏ బోర్డుకో చెప్పి, అక్కడే పెట్టి చూపించమని అడగాలి.

హెచ్61 బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారై, వారంటీతో, ఎం.2 స్లాట్ కూడా పెట్టి అమ్ముతున్నారు. వారంటీ మంచి విషయమే. అయితే వాటిలో కొన్నిటికి ఎల్‌పీటీ పిన్నులు లేవు, బయాస్‌లో సెట్టింగులు తక్కువ. సాటాను ఐడీఈకి మార్చే వీలుందా అన్న ఒక్క ప్రశ్న షాపులోనే అడిగి, బయాస్ తెరిపించి చూసి కొనాలి.

విండోస్ 10 వాడకందారులు ఇప్పుడు ఈ గుంపులో చేరారు. వాళ్లకు బోర్డు విషయంలో ఇబ్బంది తక్కువ, గడచిన పదేళ్ల బోర్డుల్లో చాలావాటికి డ్రైవర్లున్నాయి. పాత బోర్డు మీదే విండోస్ 11 వేయించుకుంటున్నవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. విండోస్ 11 కోరే టీపీఎం 2 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ తనిఖీలను దాటించే టూల్స్ ఉన్నాయి. కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2 అనే సూచనల సమితి లేకపోతే బూటే కాదు. కోర్ 2 డ్యుయో, అంటే జీ31, జీ41 బోర్డుల ప్రాసెసర్లలో అది లేదు. అక్కడ ఏ టూల్ కూడా సాయపడదు.

ఇంటర్నెట్ సంగతి చెప్పకుండా పాత ఓఎస్ గురించి రాయడం తప్పు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా వ్యాపించి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అప్‌డేట్లు వేయని విండోస్‌లోని ఒక లోపం గుండా నెట్‌వర్క్ మీదే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, ఆ వార్తల్లో శ్రీకాకుళం జిల్లా పేరు కూడా ఉంది. ఎవరో క్లిక్ చేస్తేనే వైరస్ వస్తుందన్న ధీమా అప్పటితోనే పోవాలి. విండోస్ 7లో పనిచేసే ఆఖరి క్రోమ్ 109వది, 2023 ఫిబ్రవరి నుంచి కొత్తవి రావడం లేదు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు, జీఎస్టీ పోర్టల్ తెరవకూడదు. పాత ఓఎస్ కోసం కట్టిన కంప్యూటర్‌లో బయాస్‌కే వెళ్లి ల్యాన్ (నెట్‌వర్క్ పోర్టు) ఆపేయాలి. వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, పేర్లు పక్కన ఇంకో సిస్టమ్‌లో దింపుకుని, వైరస్ స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోవాలి. రోజుకు పదిసార్లు పెన్‌డ్రైవ్ మార్చడం విసుగే. పదిహేనేళ్ల ఫైళ్లకు తాళం పడటంతో పోలిస్తే ఆ విసుగు భరించవచ్చు.

ఇవన్నీ సరిగ్గా చేసి, రెండేళ్లు సాఫీగా నడిచిన సిస్టమ్ ఒకరోజు ఉన్నట్టుండి నీలి తెర చూపించవచ్చు. మన ప్రాంతంలో ఇది తుఫాను తర్వాత ఎక్కువ. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అని దాని పేరు. మామూలుగా కరెంటు ఉన్నన్నాళ్లూ దాని మీద భారం పడదు, కాబట్టి అది అయిపోయినా ఎవరికీ తెలియదు. కరెంటు చాలాసేపు పోయినప్పుడు బయాస్ సెట్టింగులు అన్నీ ఫ్యాక్టరీలో ఉన్నట్టుకు వెళ్లిపోతాయి. ఐడీఈలో పెట్టిన సాటా మళ్లీ ఏహెచ్‌సీఐ అవుతుంది, ఎల్‌పీటీ మోడ్ మారిపోతుంది. ఎక్స్‌పీ 7బీ నీలి తెర చూపిస్తుంది. చూసినవాళ్లు హార్డ్ డిస్క్ పోయిందనుకుంటారు. కొందరు అక్కడికక్కడే ఫార్మాట్ కొట్టేస్తారు, మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్ దాంతో పోతుంది. తేదీ, టైమ్ తప్పుగా చూపిస్తున్నాయా అని ముందు చూడాలి. తప్పుగా ఉంటే బ్యాటరీ మార్చి, సాటాను పాత మోడ్‌కు తెస్తే సిస్టమ్ లేచి కూర్చుంటుంది.

బోర్డు బిగించిన రోజే బయాస్‌లోని ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి. సాటా మోడ్, ఎల్‌పీటీ అడ్రసు, మోడ్, ఆపేసిన యూఎస్‌బీ కంట్రోలర్, ల్యాన్, ప్రాసెసర్ సెట్టింగులు, బ్యాటరీ మార్చిన తేదీ, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క తలుపు లోపలివైపు అంటించాలి. ఫోన్ మారిపోవచ్చు, మెకానిక్ మారిపోవచ్చు. తర్వాత ఎవరు ఆ క్యాబినెట్ విప్పినా ముందు కనిపించేది ఆ కాగితమే.